టాస్ పడేలోపే పొయ్యి ఆర్పేయాలి

2011 ఏప్రిల్ 2 రాత్రి వాంఖడేలో ప్రపంచకప్ గెలిపించే సిక్స్ ధోని కొట్టినప్పుడు నేను వంటింట్లో బాండ్లి ముందు నిలబడి ఉన్నాను. చేతిలో జల్లి గరిటె, నూనెలో ఆరు మిరపకాయ బజ్జీలు. ముందుగదిలో మిద్దె లేచిపోయేట్టు కేక. గరిటె పట్టుకునే పరిగెత్తాను. నేను వెళ్లేసరికి టీవీలో యువరాజ్, ధోని కౌగిలించుకుంటున్నారు. "చూస్తివా?" అన్నాడు మా ఆయన. ఏం చూస్తాను! వెనక్కి వచ్చేసరికి ఆరు బజ్జీలూ బొగ్గులై ఉన్నాయి. ఆ సిక్స్‌ని తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఇంటినిండా జనం ఉన్న ఆ రాత్రి, ఆ బంతికి, అందరితో కలిసి నేను అరవలేదు. ఆ ఉక్రోషం ఇప్పటికీ పోలేదు.

మా పుట్టిల్లు తాడిపత్రి, మెట్టినిల్లు కడప. శంకరాపురంలో ఉంటాం. మా ముందుగది పెద్దది, టీవీ ఇంకా పెద్దది. అందుకని మ్యాచ్ అంటే అందరూ ఇక్కడికే వస్తారు. మా మరిది, అతని స్నేహితులు, మా ఆడబిడ్డ వాళ్లు, పక్కింటి పిల్లలు అంతా కలిపి ఎనిమిది మందికి తగ్గరు, పన్నెండు మందికి మించరు. వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పెట్టాలి. పెట్టాలి కానీ, పెట్టే మనిషి కూడా మ్యాచ్ చూడాలి. ఈ పదిహేనేళ్లలో చేతులు కాల్చుకుని నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. కింద చెప్పే కొలతలన్నీ పదిమంది లెక్కకు.

ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని, ఒంటి చేత్తో తినగలిగితే అది మ్యాచ్ రోజుకు పనికొస్తుంది. ఎందుకంటే తినేవాళ్ల కళ్లు టీవీ మీద ఉంటాయి, ఒక చెయ్యి ఎప్పుడూ గాల్లో ఉంటుంది. ఎముకలున్న ముక్కలు, పులుసు కారేవి, విరుచుకుని నంజుకుని తినేవి ఈ పరీక్షలో నిలబడవు. ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక పానీపూరీ పెట్టాను. సరిగ్గా మా మరిది పూరీలో పానీ నింపుకుని నోటి దాకా తెచ్చుకున్నప్పుడు వికెట్ పడింది. పుదీనా నీళ్లు సోఫా మీద, దిండ్ల మీద, మా అత్తమ్మ చీర మీద. ఆ సోఫా ఇప్పటికీ ఎండాకాలంలో వాసనొస్తుందని మా ఆయన అంటాడు. అది అబద్ధం, కానీ పానీపూరీ మాత్రం మళ్లీ పెట్టలేదు.

రెండో లెక్క సమయానిది. రాత్రి ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకు మొదలవుతుంది, టాస్ ఏడుకు. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు స్ట్రాటజిక్ టైమ్‌అవుట్‌లు ఉంటాయి, ఒక్కొక్కటి రెండున్నర నిమిషాలు. నీళ్ల చెంబు నింపుకురావడానికి, ఖాళీ గిన్నెలు తీయడానికి అవి చాలు, వంటకు చాలవు. వంటకు దొరికేది ఇన్నింగ్స్ మధ్య ఇరవై నిమిషాలే. కాబట్టి టాస్ పడేలోపు పొయ్యి ఆర్పేస్తాను. ఆ ఇరవై నిమిషాలకే మళ్లీ వెలిగిస్తాను. నూనె పొయ్యి మీద పెట్టి ఒక బంతి చూసొద్దామని మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. 2011లో బజ్జీలు మాడినందుకు నవ్వుకుంటున్నాం కానీ, నూనె అంటుకుని ఉంటే నవ్వేదేముంది.

మసాలా బొరుగులు

మ్యాచ్ అంతా చేతికందేట్టు ఉండాల్సింది ఇదే. బొరుగులంటే కోస్తా వాళ్ల మరమరాలు. మిగతావి ఏవీ కుదరకపోయినా ఇదొక్కటి ఉంటే పరువు నిలబడుతుంది. కానీ అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), టమోటా, నిమ్మరసం అన్నీ ముందే కలిపి పెద్ద గిన్నెలో తెచ్చి మధ్యలో పెడతారు. పవర్‌ప్లే, అంటే మొదటి ఆరు ఓవర్లు, అయ్యేసరికి అది తడిసిన దూదిలా అయిపోతుంది. నేను పొడి భాగం పొద్దున్నే చేసి డబ్బాలో పెడతాను, తడి భాగం విడిగా ఉంచుతాను.

పావు కిలో బొరుగులు తీసుకోండి. కడప ఎండలో ఏప్రిల్, మే నెలలైతే పొయ్యితో పనిలేదు, మిద్దె మీద గుడ్డ పరిచి గంటసేపు ఆరబోస్తే చాలు. మిగతా నెలల్లో బాండ్లిలో నూనె లేకుండా సన్నటి మంట మీద ఐదు నిమిషాలు కలియబెట్టండి. అయ్యాయో లేదో ఎలా తెలుస్తుందంటే, ఒక్క బొరుగు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వంగితే కాలేదు. పటుక్కుమని పొడి అయిపోతే అయినట్టు.

బొరుగులు పక్కకు తీసి, అదే బాండ్లిలో నాలుగు స్పూన్ల శెనక్కాయ నూనె వేయండి. రెండు పిడికెళ్ల శెనక్కాయ విత్తనాలు ముందు వేయాలి, వాటికి టైమ్ ఎక్కువ పడుతుంది. అవి చిటపటలాడి పొట్టు మీద గీతలు పడుతుంటే, పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచిన పది పన్నెండు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు వేయండి. తర్వాత ఆవాలు, తుంచిన నాలుగు వట్టిమిరపకాయలు, ఒక పిడికెడు పప్పులు. కోస్తా వాళ్లు వీటినే పుట్నాలంటారు. చివర్లో కరివేపాకు. ఈ కరివేపాకు దగ్గర తొందరపడకండి. ఆకు గలగలలాడేదాకా వేగాలి. దాంట్లో కాస్త తడి మిగిలినా మూత పెట్టిన డబ్బాలో మొత్తం బొరుగులు మెత్తబడతాయి. తెల్లగడ్డ కూడా అంతే, ఎర్రగా వేగి గట్టిపడాలి.

ఇప్పుడు మంట ఆపేయండి. ఆపిన తర్వాతే అర స్పూన్ పసుపు, ఒక స్పూన్ కారం, మెత్తటి ఉప్పు. మంట మీద వేస్తే కారం నల్లబడి చేదొస్తుంది. వెంటనే బొరుగులు పోసి కింద నుంచి పైకి తిప్పుతూ కలపండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెట్టారో, ఆవిరి పట్టి పొద్దున్నుంచి పడ్డ కష్టమంతా వృథా.

తడి భాగానికి రెండు పెద్ద ఎర్రగడ్డలు సన్నగా తరిగి పెట్టండి, ఉప్పు కలపొద్దు, నీళ్లూరుతాయి. టమోటాలు గింజలూ గుజ్జూ తీసేసి కండ మాత్రమే తరగండి. కొత్తిమీర, నిమ్మ చెక్కలు. తినేవాళ్లు ఎవరి గిన్నెలో వాళ్లు బొరుగులు పోసుకుని, పైన ఇవి వేసుకుని, నిమ్మ పిండుకుంటారు. కలిపాక ఐదారు నిమిషాలే ఆ కరకర. ఒక ఓవర్‌కు సుమారు నాలుగు నిమిషాలు అనుకుంటే, ఓవరున్నరలో గిన్నె ఖాళీ చెయ్యాలి. ఈ లెక్క మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. "అబ్బీ, ఓవర్ అయిపోతాంది, తిను" అనుకుంటారు వాళ్లలో వాళ్లు.

ఉడకబెట్టిన శెనక్కాయలు

దీనికి వంట అనే పేరు కూడా ఎక్కువే, కానీ అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఇదే. అక్టోబర్, నవంబర్‌లలో ఖరీఫ్ పంట చేతికొచ్చి పచ్చికాయలు బజారు నిండా ఉంటాయి. కిలోన్నర కాయలు నాలుగైదుసార్లు కడగండి. మట్టి వదలకపోతే ఎంత ఉప్పేసినా పళ్ల కింద గరగరమంటుంది. కుక్కర్లో కాయలు మునిగేంత నీళ్లు, రెండు మూడు స్పూన్ల రాళ్ల ఉప్పు, నాలుగు విజిల్స్. విజిల్ పోగానే వంచేయకండి. ఉప్పు గింజకు బాగా పట్టేది ఆ నీళ్లలో చల్లారేటప్పుడే. గంటసేపు అలాగే వదిలేసి, టాస్‌కు ముందు వంచండి. ఎండు కాయలైతే రాత్రంతా నానబెట్టి ఆరేడు విజిల్స్ రానివ్వాలి.

ఇద్దరికి ఒక ఖాళీ తట్ట పెట్టండి పొట్టు కోసం. పెట్టకపోతే సోఫా సందుల్లో వారం తర్వాత కూడా పొట్టు దొరుకుతుంది. ఐదేళ్లలోపు పిల్లలుంటే గింజ గింజగా ఇవ్వొద్దు, మెదిపి ఇవ్వండి. సిక్స్ కొట్టినప్పుడు నోట్లో గింజతో ఎగిరితే గొంతులో అడ్డం పడుతుంది. శెనక్కాయ పడని పిల్లలెవరైనా వస్తున్నారేమో ముందే అడిగి తెలుసుకోండి.

మా మామకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆయన కోసం అలసందల గుగ్గిళ్లు ఒక చిన్న గిన్నెలో ఉప్పు తగ్గించి విడిగా తాలింపు వేస్తాను. తింటూ పక్కనున్న శెనక్కాయల గిన్నె వైపే చూస్తుంటారు.

అలసంద వడలు, ముద్ద పట్టేంత

అలసంద వడలంటే మన దగ్గర నాటుకోడి పులుసు గుర్తొస్తుంది. మ్యాచ్‌కు పులుసు వద్దు, వడ ఒక్కటే చాలు. చల్లారినా రుచి తగ్గదు, అదే దీని గొప్పతనం. బజ్జీ చల్లారితే ఎవరూ ముట్టుకోరు.

అర కిలో అలసందలు పొద్దున పదకొండుకు నానేస్తే సాయంత్రం నాలుగుకు తయారు. నీళ్లు వంచి జల్లెడలో అరగంట ఉంచండి. మిక్సీలో చుక్క నీరు పోయకుండా పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్రతో బరకగా తిప్పాలి. ఒక గుప్పెడు గింజలు రుబ్బకుండా పక్కన పెట్టుకుని చివర్లో కలిపితే కొరికినప్పుడు తగులుతుంటాయి. ఎర్రగడ్డ ముక్కలు, కొత్తిమీర, ఉప్పు నూనెలో వేసే ముందే కలపాలి. ముందే ఉప్పేస్తే పిండి జారుతుంది. పాత రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దగా, నోట్లో ఒక్కసారికి పట్టేంత తట్టండి. మధ్యస్థమైన మంట మీద రెండు పక్కలా ఎర్రగా కాల్చి తీస్తే, ఇన్నింగ్స్ అంతా కరకరలాడకపోయినా గట్టిగా నిలుస్తాయి.

పక్కకు ఊరిబిండి. వేయించిన శెనక్కాయ విత్తనాలు, పచ్చిమిరపకాయలు, వేయించిన టమోటా, తెల్లగడ్డ, చింతపండు, ఉప్పు. దీన్ని రోట్లో దంచితే ఆ రుచే వేరు, మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి. వడను ముంచి తీస్తే ఊరిబిండి వడకు అతుక్కుని రావాలి, చుక్క కిందపడకూడదు. కారే చట్నీలు మా సోఫాకు పడవని ముందే చెప్పాను.

బజ్జీలు రెండుసార్లు వేయించే సంగతి

ఉగ్గాని, మిరపకాయ బజ్జి లేకుండా మా ఇంట్లో మ్యాచ్ జరగదు. కడపైనా, అనంతపురమైనా, కర్నూలైనా పొద్దున టిఫిన్‌కు ఈ జంట ఉండాల్సిందే. మేం రాత్రి ఇన్నింగ్స్ బ్రేక్‌కు మార్చుకున్నాం. ఇరవై నిమిషాల్లో పదిమందికి వేడివేడిగా ముప్పై బజ్జీలు ఎలా వస్తాయంటే, వాటిని సాయంత్రమే సగం వేయించి పెట్టుకోవడం వల్ల.

బజ్జీ మిరపకాయలు ముప్పై తీసుకుని కడిగి, గుడ్డతో శుభ్రంగా తుడవండి. తడి ఉంటే నూనె చిందుతుంది, పిండి కూడా అంటుకోదు. నిలువుగా ఒక పక్క చీరి గింజలు తీసి, చింతపండు గుజ్జు, దంచిన వాము, ఉప్పు కలిపిన ముద్దను లోపల సన్నగా పూయండి. పిండికి అర కిలోకు కొంచెం తక్కువ శెనగపిండి, మూడు స్పూన్ల బియ్యప్పిండి, ఉప్పు, కొద్దిగా వాము, చిటికెడు వంట సోడా. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. వేలు ముంచి పైకి తీస్తే గోరు కనపడకూడదు. గోరు కనిపిస్తే పలచన, వేలి మీద ముద్దగా నిలబడితే గట్టిదయింది.

ఆరు గంటలకు మొదటిసారి వేయించాలి. చుక్క పిండి నూనెలో వేస్తే అడుగుకు వెళ్లి మెల్లగా పైకి రావాలి. అంత వేడి చాలు. రెండు నిమిషాలు, పైపిండి గట్టిపడి ఇంకా లేత పసుపుగా ఉన్నప్పుడే తీసేయండి. ఒకదాని మీద ఒకటి కుప్పగా పోయొద్దు, జల్లెడలో విడివిడిగా పేర్చండి. అవి చల్లారేటప్పుడు లోపలి తడి పైపిండిలోకి వస్తుంది. చూస్తే మెత్తగా, నీరసంగా కనిపిస్తాయి. ఏడు గంటలకు మా ఆడబిడ్డ ఆ జల్లెడ చూసి "వదినా, ఇవేనా పెట్టేది?" అని మొహం చిన్నబుచ్చుకుంది మొదటిసారి.

మొదటి ఇన్నింగ్స్ ఆఖరి బంతి పడగానే నూనె మళ్లీ పెట్టండి. ఈసారి చుక్క పిండి వేయగానే పైకి తేలాలి, అంత కాగాలి. పదేసి చొప్పున ఒక్కో వాయి ఒకటిన్నర నిమిషం. పైకి వచ్చిన తడంతా ఆ వేడికి ఎగిరిపోయి, మొదటిసారి వేయించినదానికంటే ఎక్కువ కరకరలాడతాయి. మూడు వాయిలు, నూనె కాగడంతో కలిపి పది నిమిషాలు. పొయ్యి ఆపి, బాండ్లిని వెనకవైపు పొయ్యి మీదికి, పిల్లల చేతికి అందకుండా జరిపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నా ఇంకా నిపుణులు మాట్లాడుతూనే ఉంటారు.

బజ్జీలు వార్తాపత్రిక ముక్కల్లో పెట్టి ఇవ్వకండి. అచ్చు సిరా నూనెకు కరిగి తిండిలోకి వస్తుందని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెబుతూనే ఉంది. నేను విస్తరాకు దొన్నెలు వాడతాను, తెల్ల టిష్యూ కాగితమైనా సరే.

ఉగ్గానికి కూడా ఇదే పద్ధతి. దీనికి పలచటి బొరుగులు పనికిరావు, నీళ్లు తగలగానే కరిగిపోతాయి. మన దగ్గర దొరికే గట్టి బొరుగులే కావాలి, అర కిలో. నూనెలో ఆవాలు, పప్పులు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, మూడు ఎర్రగడ్డలు, రెండు టమోటాలు, పసుపు, ఉప్పు వేసి మగ్గించిన తాలింపును టాస్‌కు ముందే చేసి మూతపెట్టి ఉంచండి. పప్పుల పొడి కూడా పొద్దున్నే కొట్టుకోవాలి. ఒక గ్లాసు పప్పులు, కొంచెం ఎండు కొబ్బరి, నాలుగైదు తెల్లగడ్డ రెబ్బలు, కారం, ఉప్పు. బ్రేక్‌లో బొరుగులు నీళ్లలో వేసి రెండు నిమిషాలకు పిడికిలితో గట్టిగా పిండి తాలింపులో వేయడం, పొడి చల్లి కలపడం, నిమ్మకాయ పిండడం, అంతే. బజ్జీలు వేగే పక్క పొయ్యి మీదే అయిపోతుంది. స్పూన్‌తో తినే వంట మొత్తం మీద ఇదొక్కటే. బ్రేక్ కాబట్టి అనుమతించాను.

మిగతావి

కారం దోశను కడపవాళ్లం వదులుకోలేం. మ్యాచ్‌కు చిన్న చిన్న దోశలు కొంచెం మందంగా పోసి, ఎర్ర కారం పూసి, పప్పుల పొడి చల్లి, చాపలా చుట్టి రెండుగా కోసి, గుడ్డ పరిచిన హాట్‌బాక్స్‌లో పెడతాను. గంట తర్వాత కరకరలాడదు, కానీ మెత్తగా చుట్టలా బాగుంటుంది. ఎర్ర కారానికి నానబెట్టిన వట్టిమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు మెత్తగా రుబ్బితే చాలు.

మాంసం లేకపోతే మ్యాచేమిటనేవాళ్లు ఉంటారు. ఎముక లేని చికెన్ చిన్న ముక్కలు కోయించి వేపుడు చేసి పుల్లలు గుచ్చి పెడతాను. అంతకుమించి కావాలంటే మరుసటి రోజు మధ్యాహ్నం రమ్మంటాను.

నిప్పట్లు (చెక్కలు), మురుకులు, కారాలు బజారులో కొనేయండి. వాటిని ఇంట్లో చేస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

తాగడానికి నన్నారి, అంటే సుగంధి వేళ్ల పానకం. గ్లాసుకు రెండు స్పూన్ల నన్నారి, అర చెక్క నిమ్మరసం, చల్లటి నీళ్లో సోడానో. స్టీలు గ్లాసులో సగానికే పోయండి, ఎగిరినా ఒలకదు. ఐపీఎల్ రోజుల్లో పుల్లటి మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్ది ఒక తట్టలో పెట్టారంటే నన్నారి కూడా పక్కకు పోతుంది.

తీపి గురించి ఒక మాట. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. అంతకుముందు పది మ్యాచ్‌లూ గెలిచాం కదా అని పొద్దున్నే రవ్వ కేసరి చేసి జీడిపప్పు కూడా అద్ది పెట్టాను. 240కి అందరూ అవుట్. ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచింది. ఆ గిన్నె మూత ఎవరూ తీయలేదు. తెల్లారి పనిమనిషి పిల్లలకు పంపించాను. అప్పటినుంచి గెలుపు తీపి చేయడం మానేశాను. శెనక్కాయ చిక్కీలు డబ్బాలో ఉంటాయి. గెలిస్తే పంచుతాం, ఓడితే మూత తీయం, పది రోజులైనా చెడవు.

వాన పడితే

పథకమంతా తలకిందులైన రోజు ఒకటుంది. 2025 నవంబర్ 2, ఆదివారం, నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. మామూలుగా మా ఇంటికి మహిళల మ్యాచ్‌కు ఇంతమంది రారు. ఈసారి వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి శ్రీచరణి ఆడుతోంది. మన జిల్లా పిల్ల ఫైనల్లో బంతి వేస్తుంటే ఇంట్లో ఎవరు కూర్చుంటారు! పదిహేడు మంది వచ్చారు. మ్యాచ్ మధ్యాహ్నం మూడుకని రెండున్నరకే అంతా చేరారు.

అక్కడ వాన. టాస్ పడలేదు. మూడున్నరయింది, నాలుగయింది. టీవీలో తడిసిన కవర్లు తప్ప ఏమీ లేదు. చూడ్డానికి ఏమీ లేనప్పుడు మనుషులు ఎంత తింటారో ఆ రోజు అర్థమైంది. వడలు యాభై, అరగంటలో అయిపోయాయి. "వదినా, బజ్జీలేమన్నా ఉన్నాయా?" అని మరిది స్నేహితుడొకడు వంటింటి దాకా వచ్చాడు. జల్లెడలో సగం వేగిన బజ్జీలు చూసి చెయ్యి కూడా పెట్టబోయాడు. తట్టి పంపించాను. చివరికి ఐదింటికి మొదటి బంతి పడేసరికి నా దగ్గర మిగిలింది మూత తీయని బొరుగుల డబ్బా, ఉప్పు నీళ్లలో ఊరుతున్న రెండు కిలోల శెనక్కాయలు, ఆ బజ్జీలు. యాభై ఓవర్ల మ్యాచ్ ముందుంది.

అవే కాపాడాయి. శెనక్కాయలు గిన్నె గిన్నెగా, ఒకేసారి కాకుండా, పది ఓవర్లకోసారి వంచాను. ఒలుచుకుని తినేవి కదా, చేతులకు పని ఉంటుంది, కడుపు త్వరగా అడగదు. బొరుగుల డబ్బా గది మధ్యలోకి రానివ్వలేదు, నా పక్కనే పెట్టుకుని నేనే పోశాను. ఇన్నింగ్స్ బ్రేక్‌లో బజ్జీలు, ఉగ్గాని. మన వాళ్లు 298 కొట్టారు, దక్షిణాఫ్రికా బ్యాటింగ్‌కు దిగింది. శ్రీచరణి అనెకె బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసినప్పుడు నేను సోఫాలో, అందరి మధ్యా ఉన్నాను. మా మామ చేతికర్ర ఎత్తేశారు. దీప్తి ఐదు వికెట్లు తీసి 52 పరుగులతో గెలిచేసరికి అర్ధరాత్రయింది.

ఆ రోజు తర్వాత మూడు మార్పులు చేశాను. వాన సూచన ఉంటే వడలు సగమే ముందు వేయిస్తాను, మిగతా పిండి ఉప్పు కలపకుండా ఫ్రిజ్‌లో ఉంటుంది. బయట పెట్టే గిన్నెలు చిన్నవి, పెద్ద గిన్నె కనిపిస్తే పెద్దగానే తింటారు. టాస్ పడేదాకా నిప్పట్లు, మామిడి ముక్కలో దోసకాయ ముక్కలో తప్ప ఏవీ బయటికి రావు.

ఆఖరి ఐదు ఓవర్లు, ఆ తర్వాత

ఇంకో సంగతి గమనించాను. మ్యాచ్ బిగుసుకుంటే ఆఖరి ఐదు ఓవర్లు ఎవరూ ఏమీ తినరు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాకు ముప్పై బంతుల్లో ముప్పై పరుగులు కావాలి. నా ఒళ్లో బొరుగుల గిన్నె నిండుగా ఉంది. సూర్యకుమార్ బౌండరీ దగ్గర ఆ క్యాచ్ పట్టేదాకా అందులో ఒక్క బొరుగు కదల్లేదు. టెన్షన్‌లో నోరు ఆడదు. కాబట్టి పదిహేనో ఓవర్ తర్వాత కొత్తగా ఏదీ వడ్డించకండి, చల్లారిపోతుంది.

అసలు ఆకలి మ్యాచ్ అయ్యాక వేస్తుంది. ఏడు పరుగులతో గెలిచిన ఆ రాత్రి పదకొండు దాటాక ఎనిమిది మంది ఒకేసారి "ఏమన్నా ఉందా?" అన్నారు. నూనె సరుకులు తిని తిని నాలుక మొద్దుబారి ఉంటుంది. అప్పుడు పెరుగన్నం తప్ప ఏదీ దిగదు. సాయంత్రమే అన్నం మెత్తగా వండి, పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపి పెడితే, రాత్రికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. పక్కన ఒక ఊరమిరపకాయ. విస్తరాకు దొన్నెల్లోనే పెట్టేయండి, అర్ధరాత్రి గిన్నెలు కడిగేవాళ్లెవరు?

బాండ్లిలో నూనె పూర్తిగా చల్లారాక వడగట్టి సీసాలో పోసి, రెండు మూడు రోజుల్లో తాలింపులకే వాడేయండి, మళ్లీ బజ్జీలకు పెట్టొద్దు. ఇక మిగిలిన బజ్జీలు. మిగలవు, నేనే నాలుగు దాస్తాను. మరుసటి రోజు పొద్దున మజ్జిగ చారు కాచి, దింపే ముందు ఆ చల్ల బజ్జీలు అందులో వేసి మూతపెడితే పది నిమిషాల్లో ఉబ్బి మెత్తబడతాయి. వేడి అన్నంలోకి అది. మ్యాచ్ గెలిచినా ఓడినా మా మామ మాత్రం బ్రేక్‌లోనే వంటింటి వైపు తల తిప్పి అడుగుతారు, "నాలుగు పక్కన పెట్టినావా లేదా?" అని.